కావాలని రాసిన తప్పులు

"ఈ పేపరు ఎవరిదండీ?"

ఇంగ్లీషు టీచరు ఆ కాగితాన్ని గాల్లో ఊపేసరికి క్లాసులో ఉన్న తలలన్నీ టపటపా కిందికి దిగాయి. మనవాడి తల ఒక్కటే పైకి లేచింది. ఇలాంటప్పుడు తల దించుకోవాలన్న ఇంగితం వాడికి మొదట్నుంచీ తక్కువే.

"నాదేనండీ."

"పది డ్యాషులిచ్చాను. పదీ అలాగే ఉన్నాయి. కింద మాత్రం తెలుగులో ఏదో రాశారు. చదవమంటారా?" అని వాడు వద్దనేలోపే చదివేసింది. "ఏ బిల్డింగు? ఏ కంపెనీ లిఫ్టు? డోరు సెన్సారు పోయి ఉంటుంది. రేపు తొమ్మిదింటికి వచ్చి చూస్తాను."

క్లాసంతా ఒక్కసారిగా గొల్లుమంది. ముందు బెంచీలో నర్సు గారైతే కళ్లు తుడుచుకుని మరీ నవ్వింది.

"ముసలాయన లిఫ్టులో నలభై నిమిషాలు ఇరుక్కుపోయాడని మీరే రాశారు కదండీ," అన్నాడు మనవాడు, ఇందులో నవ్వడానికేముందో అర్థం కాక.

"అది పాసేజీ అండీ. నేను కల్పించింది. ఆ ముసలాయనా లేడు, ఆ లిఫ్టూ లేదు."

"లేడా? అమ్మయ్య!"

ఆ 'అమ్మయ్య' మనస్ఫూర్తిగా అన్నదే. మనవాడు లిఫ్టు మెకానిక్కు. తొమ్మిదేళ్లుగా వాడు చదివిన సాహిత్యమల్లా బిల్డింగుల్లో పెట్టే కంప్లైంటు పుస్తకాలే. అందులో 'శబ్దం వస్తోంది' అని రాసి ఉంటే శబ్దం వస్తున్నట్టే. ఇరుక్కోని మనిషి ఇరుక్కున్నాడని ఎవరైనా పనిగట్టుకుని రాస్తారని వాడు కల్లో కూడా అనుకోలేదు.

"ఇరవైకి సున్నా," అంది ఆమె ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుడుతూ. చుట్టేటప్పుడు పెదవి చివర చిన్న నవ్వు ఆపుకుంది. మనవాడు సున్నా సంగతి మర్చిపోయి ఆ నవ్వు చూశాడు. కొంప మునిగింది అక్కడే.

అసలు వాడు అక్కడికి వచ్చింది సూపర్‌వైజరు ఉద్యోగం కోసం. ఇకమీదట సర్వీసు రిపోర్టులు ఇంగ్లీషులోనే రాయాలని, పరీక్ష పాసైనవాళ్లకే ప్రమోషనని కంపెనీ చెప్పింది. చెప్పుల షాపు పైన రెండో అంతస్తులో ఈ ఇన్‌స్టిట్యూటు ఉంది. లిఫ్టు లేదు, మెట్లే. ప్రతి శనివారం మూడు నుంచి ఐదు దాకా, ఉద్యోగాలు చేసుకునేవాళ్ల బ్యాచి. నర్సు గారు, బేకరీ ఆయన, ఇంకో తొమ్మిది మంది, చివరి బెంచీలో మనవాడు. టీచరుకి క్లాసువాళ్లు పెట్టుకున్న పేరు ఎర్ర పెన్ను. మొహం మీద ఎవరూ అనరు, అంత ధైర్యం లేదు.

ఎర్ర పెన్ను ఎవరిచేతా సూత్రాలు బట్టీ పట్టించదు. వారానికో పాసేజీ తనే రాస్తుంది. మధ్య మధ్య డ్యాషులు పెట్టి, అక్కడ ఏ మాట వస్తుందో పూరించమంటుంది. ఒక వారం బేకరీలో బ్రెడ్డు మాడిపోతుంది, ఇంకో వారం నర్సుకి బస్సు తప్పిపోతుంది. మొదటి వారం నవ్వులయ్యాక, దిద్దిన పేపర్లు మడిచి, స్టేపుల్ కొట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంట్లో పిల్లలకి మార్కులు తక్కువొస్తే కేకలేసేవాళ్లే అందరూ, వాళ్ల మార్కులు పక్కవాళ్లకి కనిపిస్తే ఏం బాగుంటుంది?

రెండో వారం మనవాడు ఏడు తప్పులు రాశాడు. పేపరు మెట్ల మీద నిలబడి విప్పాడు. ప్రతి తప్పు కిందా రెండేసి లైన్లు ఎర్ర అక్షరాలు.

'బస్సు నిన్ననే వెళ్లిపోయింది. మీరు రాసినదాని ప్రకారం అది రేపు వెళ్తుంది. అప్పటిదాకా ఆ నర్సుని ఎండలో నిలబెడతారా?'

ఇంకో చోట, 'ఒకే ఒక్క డాక్టరు ఉంటే మీరు నలుగుర్ని చేశారు. జీతాలు మీరిస్తారా?'

మనవాడు మెట్ల మీదే కూలబడి నవ్వాడు. ఇంటికెళ్లి మళ్లీ చదివాడు. మర్నాడు పన్నెండో అంతస్తులో, లిఫ్టు నెత్తిమీద కూర్చుని, తీగలకు గ్రీజు పూస్తూ ఇంకోసారి చదివాడు. ఆ కాగితం మీద గ్రీజు మరక పడితే, కొత్త చొక్కా మీద పడినట్టు బాధపడ్డాడు.

ఆ ఊపులో వారమంతా కష్టపడ్డాడు. మూడో శనివారం ఇరవైకి ఇరవై వచ్చాయి. ఆత్రంగా పేపరు విప్పాడు. పది టిక్కులు. చివర్లో 'గుడ్'. అంతే!

"గుడ్ అట, గుడ్!" అని మెట్లు దిగుతూ గోడతో చెప్పుకున్నాడు. వారం రోజులు నిద్ర మానుకుని చదివితే ఒక్క ముక్క. ఏడు తప్పులు రాసిననాడు మాత్రం పద్నాలుగు లైన్లు!

అప్పుడు వాడి బుర్ర పని చేసింది. పని చేయకుండా ఉంటే బాగుండేది. లిఫ్టు సరిగ్గా నడిచినన్నాళ్లూ మెకానిక్కు మొహం ఎవడూ చూడడు. ఆగిపోతేనే ఫోన్లు, పలకరింపులు, 'ఎప్పుడొస్తారు సార్' అని బతిమాలడాలు. అంటే మనిషికి విలువ రావాలంటే ఎక్కడో ఏదో చెడిపోవాలి. ఈ సిద్ధాంతాన్ని ప్రేమకి అన్వయించిన మేధావి ప్రపంచంలో మనవాడొక్కడే అయి ఉంటాడు.

నాలుగో వారం కావాలని ఆరు తప్పులు రాశాడు. పన్నెండు లైన్లొచ్చాయి. ఐదో వారం పదికి పదీ తప్పే రాయాలని కంకణం కట్టుకుని కూర్చున్నాడు.

ఐదో శనివారం క్లాసయ్యే వేళకి వాన పట్టుకుంది. అందరూ గొడుగులేసుకుని వెళ్లిపోయారు. చెప్పుల షాపు చూరు కింద మనవాడు, పక్కనే ఆమె. వాన సన్నగా మొదలై, వీళ్లిద్దర్నీ చూసి కావాలనే పెద్దదైనట్టుంది. చూరు చిన్నది కావడంతో ఆమె ఒక అడుగు ఇటు జరిగింది. మనవాడు ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు.

"ఒక మాట అడగనా?" అంది ఆమె. "మూడో వారం ఇరవైకి ఇరవై తెచ్చుకున్నారు కదా. తర్వాత ఏమైంది?"

"బుర్రకి ఎక్కట్లేదండీ."

"నేను చెప్పడంలో ఏమైనా లోపముందా? నిజం చెప్పండి, ఏమీ అనుకోను."

"అబ్బే, మీరు బాగానే చెప్తారు. నాదే మొద్దు బుర్ర."

ఆమె వాన వైపు చూస్తూ నిలబడింది. మనవాడు మాత్రం, 'చూశావా, నా గురించి ఎంత బెంగ పెట్టుకుందో' అని లోలోపల పొంగిపోయాడు. దద్దమ్మ అనే మాట నిఘంటువులో వెతికితే పక్కన వాడి ఫొటో ఉండాలి.

వాడి గుట్టు ఇంట్లో అక్క దగ్గర రట్టయింది. ఇంట్లోనే బట్టలు కుడుతుంది అక్క. మెడలో టేపు వేసుకుని, ఒక చేత్తో పేపరూ ఇంకో చేత్తో వాడి రఫ్ నోటుబుక్కూ పట్టుకుని నిలబడింది.

"ఒరేయ్, బుక్కులో అన్నీ సరిగ్గా ఉన్నాయి. పేపర్లో అవే మాటలు తప్పుగా ఉన్నాయి. లోకంలో ఎవడైనా దీనికి ఉల్టా చేస్తాడు కదరా!"

"తొందర్లో అలా..."

"తొందరా? ఈ ఎర్ర రాత ఎవరిదిరా?"

"టీచరుది."

"పెళ్లయిందా?"

"లేదు. అదేంటక్కా, ఆ ప్రశ్న?"

"ఎంత ఠక్కున చెప్పావురా!" అని టేపుతో వీపు మీద ఒక్కటిచ్చింది. ఇచ్చి, కాసేపు నవ్వి, పేపరు మళ్లీ చదివింది. ఈసారి నవ్వు ఆగిపోయింది. "ఒరేయ్ తమ్ముడూ, నేను కుట్టిన జాకెట్టు ఎవరైనా కావాలని బిగుతుగా ఉందని నాలుగు సార్లు వెనక్కి పంపితే నేనేమనుకుంటాను? నాకు కుట్టడం రాదనుకుంటాను. ఈ పిల్ల ఇప్పుడేం అనుకుంటోందో ఆలోచించావా?"

ఆలోచించలేదు. ఆ వారమంతా కూడా వాడు ఆలోచించకుండానే గడిపేశాడు.

ఆరో శనివారం వెళ్లేసరికి బోర్డు దగ్గర ఎర్ర పెన్ను లేదు. ప్రిన్సిపాలు గారు నిలబడి ఉన్నారు. ప్రతి బెంచీ మీదా ఇటుకంత లావున గ్రామరు గైడు.

"ఏమైందండీ?" అని నర్సు గారి చెవిలో అడిగాడు.

"ఆవిడ పాసేజీలు ఆపేశారట. ఆరు వారాలు చూస్తానని ప్రిన్సిపాలు గారు మాటిచ్చారట, ఈలోగా ఒక్కరి మార్కులు పడిపోయినా మళ్లీ గైడే అన్నారట. ఎవరో మహానుభావుడికి ఇరవై నుంచి నాలుక్కి దిగాయట. ఇక ఆవిడకి క్లాసు లేదు, ఇక్కడే ఫీజు కౌంటర్లో కూర్చోబెడతారు. పాపం, ఆ పాసేజీల కోసం ఏడాది కష్టపడిందండీ. అంత సేపు చెప్పినా ఎక్కని ఆ వెధవ ఎవడో గానీ!"

"నేనేనండీ," అన్నాడు మనవాడు.

 లిఫ్టు తాడు తెగినా అంత భయపడేవాడు కాదు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఆమె ఏడాది కష్టాన్ని వాడు రెండు శనివారాల్లో, అదీ ప్రేమ పేరు చెప్పుకుని, నేలపాలు చేశాడు. బెంచీ తోసుకుని లేచాడు.

ఆఫీసు గదిలో ఆమె తన పాసేజీల ఫైళ్లు అట్టపెట్టెలో సర్దుకుంటోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. 'క్లాసు వదిలేసి ఇదేం పద్ధతయ్యా' అంటూ ప్రిన్సిపాలు గారు కూడా వెనకే వచ్చారు.

"సార్, ఈవిడ తప్పేం లేదు. అవన్నీ నేను కావాలని రాసిన తప్పులు."

"కావాలనా? ఎందుకు?"

ఇక్కడ మర్యాదగా ఏదైనా అబద్ధం చెప్పొచ్చు. మనవాడికి అది చేతకాలేదు.

"ఒప్పు రాస్తే టిక్కు పెడతారు సార్. తప్పు రాస్తే రెండు లైన్లు రాస్తారు. ఆ లైన్ల కోసం రాశాను. నాకు ఈవిడంటే ఇష్టం. ఇంకెలా మాట్లాడాలో తెలీలేదు."

 ఆమె చేతిలో ఫైలు అలాగే ఉండిపోయింది.

"పోయిన వారం రెండు ఒప్పులొచ్చాయి కదండీ," అని ఆమెతో అన్నాడు, చెప్పేదేదో పూర్తిగా చెప్పేద్దామని. "అవి కూడా తప్పే అనుకుని రాశాను. తప్పు రాయడం కూడా సరిగ్గా రాదు నాకు."

"వారం రోజులు ఏడ్చానండీ నేను!" అంది ఆమె.  "నాకు పాఠం చెప్పడం రాదనుకున్నాను. వానలో నిలబడి అడిగాను కదా మిమ్మల్ని? నిజం చెప్పమని అడిగాను కదా?"

"అడిగారు. నేను మూర్ఖుణ్ణి. క్షమించండి."

"క్షమించడం తర్వాత," అన్నారు ప్రిన్సిపాలు గారు. ఆయన గ్రామరు మనిషి, ఋజువు లేకుండా ఏదీ నమ్మరు. పెట్టెలోంచి ఎవరూ చూడని పాసేజీ ఒకటి తీశారు. "ఇది ఇక్కడే, నా ఎదురుగా రాయి. పాత పేపర్లు కూడా చూస్తాను. నర్సు గారినీ, బేకరీ ఆయన్నీ కూడా పేపర్లు పట్టుకుని రమ్మను."

మనవాడు క్లాసుకెళ్లి వాళ్లిద్దర్నీ పిలిచి, తన పాత పేపర్లు కూడా తెచ్చుకుని కూర్చున్నాడు.  ఒక్కో డ్యాషు దగ్గరా కథలో మనిషి ఎక్కడున్నాడు, ఎప్పుడొచ్చాడు, ఇంకా ఉన్నాడా వెళ్లిపోయాడా అని ఆమె నేర్పినట్టే ఆలోచించుకుంటూ రాశాడు. ప్రిన్సిపాలు గారు తనే దిద్దారు. ఇరవైకి పదహారు. రెండు తప్పులు, రెండూ నిఖార్సైనవి.

"ఊఁ," అన్నారాయన. అది ఆయన భాషలో చాలా పెద్ద మెప్పు. "గైడ్లు తీసేయమనండి. పాసేజీలే నడవనీ."

ఆమె కళ్లు మూసుకుని ఒక్క క్షణం బల్ల పట్టుకుంది.

ప్రిన్సిపాలు గారు పాత పేపర్ల మడతలు విప్పి బల్ల మీద పరుస్తున్నారు. అప్పుడు చూశాడు మనవాడు. నర్సు గారి పేపర్లో ఐదు తప్పులు. ప్రతి తప్పు చుట్టూ ఒక సున్నా, పైన సరైన మాట. అంతే. బేకరీ ఆయన పేపర్లో ఎనిమిది తప్పులు. ఎనిమిది సున్నాలు. లైన్లు లేవు, బస్సు లేదు, డాక్టర్ల జీతాలు లేవు. ఆ పక్కన మనవాడి పేపర్లు నాలుగు వైపులా ఎర్రగా నిండిపోయి ఉన్నాయి.

ప్రిన్సిపాలు గారు అటూ ఇటూ చూశారు. కళ్లజోడు సర్దుకున్నారు. "ఇవాళ్టికి క్లాసు లేదు, నేను కిందికెళ్లి టీ తాగొస్తాను. నర్సు గారూ, మీరూ రండి," అన్నారు.

"నాకు టీ అలవాటు లేదండీ," అంది నర్సు గారు, కదలకుండా.

"ఇవాళ చేసుకోండి," అని ఆవిణ్ణీ బేకరీ ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లారు.

ఆమె గబగబా పేపర్లన్నీ పోగుచేయబోయింది. మనవాడు నర్సు గారి పేపరు మీద చెయ్యి పెట్టాడు.

"ఈవిడదీ నాదీ ఒకే తప్పు కదండీ. ఈవిడకి సున్నా చుట్టి ఊరుకున్నారే?"

"టైము లేక."

"ఎనిమిది తప్పులు రాసిన ఆయనకి కూడా..."

"అబ్బా, ఇంకా ఎంత వివరంగా చెప్పాలండీ మీకు!" అంది. మొహం పెన్ను రంగులోకి తిరిగింది. "ఆ మూడో వారం ఒక్క తప్పు కూడా రాయకుండా చంపేశారు. ఏం రాయాలో తోచక ఎంతసేపో ఆ పేపరు ముందేసుకుని కూర్చున్నాను. చివరికి గుడ్ అని రాసి, నన్ను నేనే తిట్టుకున్నాను. టీచర్ని కదా, ఇంకేం రాస్తాను?"

మనవాడికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక ఏం చెయ్యాలో తెలీక నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు.

"కోపం పోలేదు నాకు," అంది ఆమె.

"పోవద్దండీ, ఉంచుకోండి. ఎన్నాళ్లైనా తిట్టండి. కాగితం మీద వద్దు, ఎదురుగా తిట్టండి."

"వచ్చే శనివారం క్లాసయ్యాక..."

"వచ్చే శనివారం దాకా ఆగలేనండీ. మీ కష్టం పోయిందనుకుని ఇందాక ప్రాణం పోయినంత పనైంది. ఇవాళే తిట్టండి."

ఆమె వాడి మొహంలోకి చూసింది. ఈసారి పెదవి చివర నవ్వు ఆపుకోలేదు. పెట్టె పక్కకి జరిపి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"పదండి," అంది.