జడమొక్క గీత

తుమ్మెద పువ్వు మీద వాలింది. దాని కడుపులోని చిన్న దీపం ఒకసారి నీలంగా వెలిగి ఆరిపోయింది.

"చదివేసింది," అంది డాక్టర్ ఇందుమతి, చేతిలోని తెర వంక చూస్తూ.

"ఏటి సదివింది మేడమ్? నాకసలు అక్కడ పువ్వే అగుపడ్డం లేదు," అన్నాడు వంతల బొంజు. కొండ నడుమున ఉన్న నేరేడుగుడకు అతనే పెద్ద.

పువ్వు అగుపడకపోవడంలో బొంజు తప్పేమీ లేదు. అది ఆవగింజ కన్నా చిన్నది. ఎలకతోకలా వేలాడే కాడ నిండా అలాంటి పూలు. చదునైన ఆకులు ఒకదానిలోంచి ఒకటి అల్లుకుని జడలా ఉంటాయి కాబట్టి ఊళ్లో దాన్ని జడమొక్క అంటారు. శాస్త్రజ్ఞులు ఒబెరోనియా అంటారు. అది మట్టిలో మొలవదు. చెట్టు కొమ్మను పట్టుకుని బతుకుతుంది, కానీ చెట్టు రసం తాగదు.

ఒబెరోనియాలో జాతులు చాలా ఉన్నాయి. ఆకు చూసి ఏది ఏ జాతో చెప్పడం కష్టం. తేడా అంతా పువ్వు పెదవిలో ఉంటుంది. పెదవి అంటే పువ్వులో ముందుకు వచ్చే ఒక రేక. ఒక జాతిలో దాని చివర రెండుగా చీలుతుంది, ఇంకో జాతిలో అంచు రంపపు పళ్లలా ఉంటుంది. పూర్వం పండితులు ఎండిన పువ్వును నానబెట్టి, మైక్రోస్కోపు కింద సూదితో విప్పి, ఆ పెదవి మీద జీవితాంతం తగువులాడుకునేవారు. ఒకరు ఒకటే జాతి అంటే ఇంకొకరు కాదు, రెండు అనేవారు.

ఇందుమతి తుమ్మెదలు ఆ తగువు తీర్చేశాయి. నిజం తుమ్మెదంతే ఉండే ఈ యంత్రం వాసన పట్టుకుని ఎంత దూరమైనా వెళ్లి పువ్వును వెతుకుతుంది. పెదవిని అన్ని వైపుల నుంచీ ఫోటో తీసి రాజధానిలోని కంప్యూటర్‌కు పంపుతుంది. అది అరుదైన జాతి అని తేలితే కంప్యూటరే మ్యాపు మీద ఎర్రగీత గీస్తుంది. గీత లోపల తవ్వకూడదు, కట్టకూడదు. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. అప్పీలు లేదు. చట్టంలో అలా రాయించింది ఇందుమతే. మనిషి సంతకం ఉన్నచోట మనిషిని కొనేయొచ్చని ఆమె వాదించింది.

కొండ అవతలి పక్క బాక్సైట్ తవ్వే యంత్రాలు అప్పటికే దిగి ఉన్నాయి. వానలు తగ్గగానే పైకి వస్తాయి.

"ఇది ఇంకెక్కడా లేని జాతి," అంది ఇందుమతి. "గీత పడుతుంది. వాళ్లు వెనక్కి పోవాల్సిందే."

బొంజు వెనకాల రాతి మీద కూర్చున్న కొర్ర జమునాయి ఆకు చుట్ట నోట్లోంచి తీసింది. ఊళ్లో అందరికన్నా వయసులో పెద్దది ఆమె. "ఎంత పెద్ద గీతమ్మా?"

"మొక్కలు ఎంతవరకు ఉంటే అంతవరకు పెద్దమ్మా."

"మొక్కలేమో కొండ నెత్తి మీదున్నాయి. ఊరేమో నడుమునుంది. నెత్తి వదిలేసి నడుం తవ్వుతారా?"

ఇందుమతి అబద్ధం చెప్పే మనిషి కాదు. "తవ్వొచ్చు," అంది.

మర్నాడు ఆమె కొండ దిగి వెళ్లింది. తుమ్మెదలు ఉండిపోయాయి.

నేరేడుగుడలో ఒక ఆచారం ఉంది. కొమ్మ విరిగి జడమొక్క నేల మీద పడితే, చూసిన ఆడమనిషి దాన్ని అలా వదిలి పోకూడదు. అది ఆడదాని జడ నేల మీద ఈడ్చినట్టే. నారతో దగ్గరలోని చెట్టుకు కట్టాలి. కట్టిన మొక్క మళ్లీ వేరు పట్టుకుంటుంది. ఊరి ఆడవాళ్లు ఇప్పుడు నేల మీద పడేదాకా ఆగలేదు. బుట్టలతో కొండ నెత్తికెక్కి మొక్కలు దించారు. ప్రతి ఇంటి పనసచెట్టుకూ, పశువుల సాల గుంజలకూ, చివరికి చూరు వాసాలకూ కట్టారు.

"మా ఇంటిదానికి ఒక్కటే జడ. మా గుమ్మానికి మూడు," అన్నాడు బొంజు.

"గుమ్మమైనా నీ మాట ఇంటాదిలే," అంది జమునాయి.

ఆ వానల్లోనే మొక్కలు పూశాయి. తుమ్మెదలు కిందికి దిగాయి. గుమ్మాల దగ్గర, పొయ్యిల పక్కన, ఉయ్యాల కట్టిన వాసం మీద నీలం దీపాలు వెలిగి ఆరాయి. వాటిని చూసి ఊళ్లో కుక్కలు అరవడం మానేసి మూలల్లో పడుకున్నాయి.

గీత పడింది. కొండ అవతలి యంత్రాలు వచ్చిన దారినే దిగిపోయాయి. నేరేడుగుడ థింసా ఆడింది. డప్పు ఇంకా మోగుతుండగానే కింద నుంచి లారీలు వచ్చాయి, ఖాళీగా.

"తవ్వడమొక్కటే కాదు, చట్టం ప్రకారం గీత లోపల పొయ్యి కూడా వెలగకూడదు. మనిషి ఉండకూడదు," అన్నాడు లారీతో వచ్చిన ఆఫీసరు. మంచిగానే చెప్పాడు. "ఊరంతా గీత లోపలే ఉంది. కింద కాలనీ కట్టాం."

కబురు తెలిసి ఇందుమతి పరుగున వచ్చింది.

"పీకేస్తాం మేడమ్," అన్నాడు బొంజు. "అన్నీ పైకి మోసుకుపోయి కట్టేస్తాం."

"ముట్టుకుంటే జైలు. పైగా గీత వెనక్కి పోతే ఆ యంత్రాలు మళ్లీ వస్తాయి."

"అయితే మేమే కట్టామని మీ కంప్యూటర్‌కు సెప్పండి. మొక్క దానంతటది రాలేదని సెప్పండి."

"అది ఎవరి మాటా వినదు బొంజూ."

"మీ మాట కూడానా?"

"నా మాట కూడా వినకుండా చేసింది నేనే."

బొంజు వెళ్లి లారీలోకి తన మంచం ఎత్తాడు.

చివరి లారీ కదిలే ముందు, దారిలో విరిగిపడ్డ కొమ్మ ఒకటి జమునాయి కంటపడింది. దాని మీద ఒక జడమొక్క ఉంది. ఆమె అటూ ఇటూ చూడలేదు. వంగి తీసి కొంగులో చుట్టుకుంది.

కాలనీలో చెట్లు లేవు. వరసగా సిమెంటు ఇళ్లు, ఇంటి ముందు ఒక్కో స్తంభం. జమునాయి మొక్కను తన ఇంటి స్తంభానికి కట్టి రోజూ నీళ్లు చల్లింది. ఎండకు ఆకులు పసుపెక్కాయి, కానీ చావలేదు. మరుసటి వానల్లో సన్నటి కాడ దించింది. బొంజు ముఖం దగ్గరగా పెట్టి చూసినా పువ్వు అగుపడలేదు.

"పూసిందంటావా అత్తా?"

జమునాయి చెవి వీధి వైపు పెట్టింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎక్కడి నుంచో సన్నటి ఝుంకారం వస్తోంది. అది వరసలో ఇల్లిల్లూ దాటుకుంటూ వచ్చి, స్తంభం దగ్గర ఆగింది.

నీలం దీపం వెలిగి ఆరింది.

"ఒరే బొంజూ," అంది జమునాయి, "ఆ మంచం నవారు ఇప్పేయ్. మళ్లీ ఎత్తాలి."