నిలువు పదిహేడు, రెండక్షరాలు

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే దిద్దుకుని చదవండి, మన్నించండి. అక్షరాలు నాకు అరవై మూడో ఏట వచ్చాయి. చెయ్యి ఇంకా మెల్లగానే నడుస్తుంది, ఈ నాలుగు కాగితాలకు వానాకాలమంతా పట్టింది. మాల్యాద్రి మనసులో అనుకున్నవన్నీ ఆయన తర్వాత నాకు చెప్పినవే.

తొమ్మిది గంటలకు మాల్యాద్రి ఆ రోజు మొదటి ఆధారాన్ని తూనిక యంత్రం పళ్ళెంలో పెట్టాడు. కాగితం లోపలికి పోయింది, రెండు క్షణాలు ఆగింది, తిరిగి బయటికి వచ్చింది. అంచున ఎర్రటి అచ్చు: ‘తొమ్మిది మాటలు. హద్దు ఏడు.’

‘పెళ్ళిలో పొయ్యి మీద, మిగతా ఏడాదంతా అటక మీద బోర్లా పడుకునేది’ అని రాశాడతను. జవాబు గుండిగ. కాసేపు కాగితం వైపు చూసి, మొత్తం కొట్టేసి ‘పెద్ద వంటపాత్ర’ అని రాసి మళ్ళీ పెట్టాడు. ఈసారి పచ్చ అచ్చు పడింది. కొట్టేసిన కాగితాన్ని సొరుగులో వేశాడు. ఆ సొరుగు పదకొండేళ్ళ నుంచి నిండుతూనే ఉంది.

అడ్డం నిలువు మాటల గళ్ళపలకలు తయారుచేసే నుడిశాలలో చేత్తో ఆధారాలు రాసే మనిషి అతనొక్కడే మిగిలాడు. ప్రతి గళ్ళపలకలో ముప్ఫై ఆధారాలుంటే సగం మనిషి రాయాలని చట్టం. మిగతా సగం తూనికే అల్లుకుంటుంది. తన సగం కూడా తూనిక అల్లినట్టే ఉంటున్నదని మాల్యాద్రికి తెలుసు. తెలిసి ఊరుకోవడం అలవాటైంది.

సముద్రం ముందుకొచ్చిన ఏడాది, ఉప్పు పండించే కయ్యల ఊళ్ళన్నీ మునిగాయి. ఆ జనాన్ని తెచ్చి మిట్ట మీద వాడలు కట్టి కూర్చోబెట్టారు. ఆ గందరగోళంలో ముసలివాళ్ళ చేత ఎవరెవరో దేనికి పడితే దానికి ఔననిపించుకున్నారు. ఇక ముందు అలా జరగకూడదని మంచి మనసుతోనే పెట్టారు నుడితూకం. అరవై దాటినవాళ్ళు ప్రతి బేస్తవారం పొద్దున గంటసేపు గళ్ళపలక ముందు కూర్చోవాలి. ముప్ఫైలో ఇరవై నింపితే వాళ్ళ మాట వాళ్ళదే. వరసగా మూడు వారాలు తగ్గితే మెళ్ళో వకాల్తా బిళ్ళ కడతారు. అప్పటినుంచి ఏం తినాలో, ఏ మందు మింగాలో, ఎక్కడ ఉండాలో బిళ్ళే చెబుతుంది. మనిషి సొంత గొంతుతోనే, చాలా మర్యాదగా చెబుతుంది. చదువు రానివాళ్ళకు నేర్చుకోవడానికి అరవై నిండాక మూడేళ్ళు గడువిచ్చారు కూడా.

పదింటికి మాల్యాద్రి కిందికి దిగాడు. వారానికి ఒకరితో ముఖాముఖి కూర్చోవడం అతని విధుల్లో ఉంది. మామూలుగా వచ్చినవాళ్ళు అన్నిటికీ బాగుందనేసి పావుగంటలో లేచిపోతారు. ఈసారి కూర్చున్నది ఆరో వాడ పెంచలమ్మ. అరవై అయిదేళ్ళు, భర్త పోయి అయిదేళ్ళు. గడువు ఆఖరున అక్షరాలు నేర్చుకున్న మనిషి. రెండు వారాలుగా ఆమె గళ్ళు ఇరవైకి చేరలేదు. వచ్చే బేస్తవారం మూడోది.

“ఈ గళ్ళు రాసేది నువ్వేనా నాయనా?” అంది.

“సగం నేను, సగం తూనిక.”

“నీ సగమేదో చూపించు ముందు. తిట్టేటప్పుడు మనిషిని చూసుకుని తిట్టాల గదా.”

అతను నవ్వబోయి ఆగాడు. ఆమె కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ పోయిన వారం కాగితం తీసి బల్ల మీద పరిచింది. వేలు ఒకచోట ఆనించి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది: ‘లవణ ఉత్పత్తి స్థలం.’ దానికెదురుగా రెండు ఖాళీ గళ్ళు.

“ఇదేంది?”

“కయ్య,” అన్నాడు మాల్యాద్రి.

పెంచలమ్మ కాళ్ళు బల్ల కిందినుంచి ఇవతలికి జరిపి, చెప్పు విడిచి అరికాలు చూపించింది. నెర్రెలు తీసిన నేల లాగా ఉంది అరికాలు.

“నలభై రెండేళ్ళు కయ్యల్లో నిలబడ్డాను. కయ్యంటే ఏందో తెలియదని నాకు సున్నా ఏశారు.”

ఆ ఆధారం తనదేనని మాల్యాద్రి ఒప్పుకున్నాడు. ఏడు మాటల హద్దు గురించి చెప్పాడు. నెమ్మదిగా చదివేవాళ్ళకు కష్టం కాకూడదని పెద్దలు ఆ హద్దు పెట్టారన్నాడు.

“నెమ్మదిగా చదివేదాన్ని నేనే గదా. నన్నడిగినారా?” అంది ఆమె. “మనిషితో ఒక సంగతి చెప్పేటప్పుడు ఎట్టా చెప్తాం? అది యాడుంటది, ఎప్పుడొస్తది, ఎవరు ముట్టుకుంటారు, అన్నీ చెప్తాం. నువ్వు ఒక్క ముక్క విసిరేసి పట్టుకోమంటే నాకేం దొరుకుద్ది?”

తర్వాత ఆదెమ్మ సంగతి చెప్పింది. ఆదెమ్మ, తను ఒకే గట్టు మీద పెరిగారట. ఇక్కడికొచ్చాక కూడా పక్క పక్క గదులే. పోయినేడు ఆదెమ్మకు బిళ్ళ కట్టారు. నెల తిరక్కుండా వచ్చి, తొమ్మిదో వాడలో గాలి బాగుంటుంది, మారతావా అని అడిగారు. ఆదెమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. మెళ్ళో బిళ్ళ మాత్రం, ‘సంతోషం, అట్లాగే కానివ్వండి’ అంది. సామాను మోసుకుపోయేటప్పుడు ఆదెమ్మ తలుపు రెక్క పట్టుకుని వదల్లేదు. బిళ్ళ అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు చెప్పింది.

“పై వారం నాకూ కడతారు. అందుకే ఇప్పుడే వచ్చాను, నా నోటితో అడగడానికి,” అంది పెంచలమ్మ.

మాల్యాద్రి కయ్యల గురించి చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. పావుగంట అనుకున్నది మధ్యాహ్నమైంది. నీళ్ళు కట్టడం, గట్లు తొక్కడం, పార పట్టడం అన్నీ చెప్పింది. గాలి పడిపోయిన పొద్దుట నీటి మీద పలచగా కట్టే ఉప్పు తెట్టు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు దానంతటదే తగ్గింది. ఎదురుగా నీళ్ళున్నట్టు, గట్టిగా మాట్లాడితే కదిలిపోతాయన్నట్టు.

పైకి వచ్చి అతను తలుపేసుకుని రాశాడు. కొట్టివేతలు లేకుండా వచ్చింది:

‘గాలి పడిపోయిన పొద్దుట కయ్యలో నీటి మీద, పాల మీద మీగడలా కడుతుంది, తొందరపడి పార తగిలిస్తే అడుక్కి దిగి బురదలో కలిసిపోతుంది, దీనికోసం అమ్మలు పిల్లల్ని గట్టు మీద మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టేవాళ్ళు (2).’

తూనిక ఆ కాగితాన్ని చాలాసేపు లోపలే ఉంచుకుంది. ఎర్రటి అచ్చు ఈసారి రెండు వరసలు పడింది: ‘హద్దు మీరింది. నూటికి తొంభై ముగ్గురు విప్పలేరు.’

అతను ఆ కాగితం పట్టుకుని పై అధికారి హైమవతి గదికి వెళ్ళాడు. ఆమె చెడ్డ మనిషి కాదు. రెండుసార్లు చదివి, బాగుందంది. బాగున్నంత మాత్రాన లాభం లేదని కూడా అంది. నిఘంటువులో ఈ మాటకు ఈ సంగతులేవీ ముడిపడి లేవు, తూనిక చూసేది ఆ ముడులనే. మాల్యాద్రి విధుల పుస్తకం తెరిచి ఒక నియమం మీద వేలు పెట్టాడు. హద్దు మీరిన ఆధారానికి రాసినవాడు పూచీ పడవచ్చు. సగంమంది విప్పలేకపోతే అతని మాటే సందేహం కింద లెక్క, మర్నాడు అతని మెళ్ళోనే బిళ్ళ.

“దీన్ని ఎవరూ వాడలేదు, మాల్యాద్రీ.”

“తెలుసు మేడం.”

“ఈ ఒక్కదానికేనా?”

“నా పదిహేనింటికీ.”

ఆమె కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ఇంట్లో చెప్పావా అని అడిగింది. చెబితే వద్దంటారని చెప్పలేదన్నాడు. పూచీ కాగితం మీద ఆమె సాక్షి సంతకం చేసింది.

మిగిలిన అయిదు రోజులూ అతను నుడిశాలలో కూర్చోలేదు. వాడల్లో తిరిగాడు. మంత్రసానిగా చేసినామెను అడిగాడు, వలలు అల్లినవాణ్ణి అడిగాడు, రేవులో పడవలకు తారు పూసినవాణ్ణి అడిగాడు. అది యాడుంటది, ఎప్పుడొస్తది, ఎవరు ముట్టుకుంటారు. సాయంత్రానికి చొక్కా జేబు చీటీలతో ఉబ్బి ఉండేది. ఆ వారం అతను రాసిన ఏ ఆధారమూ రెండు వరసలకు తగ్గలేదు.

బేస్తవారం పొద్దున ఉప్పు వాడల జనమంతా పెద్ద హాల్లో చేరారు. నాలుగు వందల మంది. గంట కొట్టాక మాట్లాడకూడదు. మొదటి పది నిమిషాలు మాల్యాద్రి వరసల మధ్య నడిచాడు. ఎవరి చెయ్యీ కదల్లేదు. అందరూ చదువుతూనే ఉన్నారు. పొడుగు చూసి బెదిరిపోయారనుకున్నాడు. అంతలో వెనక వరసలో ఒక ముసలాయన ముక్కుతో చిన్నగా నవ్వి, పెన్సిలు నాలుకకు తడిచేసుకుని రాశాడు. ఆయన పక్కనామె రాసింది. తర్వాత హాలంతా గోడల మీద చినుకులు పడ్డట్టు పెన్సిళ్ళ చప్పుడు.

పెంచలమ్మ వేలు పెట్టి చదువుతోంది. ఆమె దగ్గరికి మూడోసారి వచ్చేసరికి అయిదు నిమిషాలే మిగిలాయి. తూనిక రాసినవి చాలావరకు ఖాళీగా ఉన్నాయి. అతను రాసినవి ఒక్కటి తప్ప అన్నీ నిండాయి. మొత్తం పందొమ్మిది. నిండనిది నిలువు పదిహేడు. అందులో మొదటి గడిలో ‘తె’ అడ్డం మాట నుంచి వచ్చి కూర్చుని ఉంది. ఇంకొక్క అక్షరం. పెంచలమ్మ పెన్సిలు కింద పెట్టేసి చేతులు ఒళ్ళో ముడుచుకుంది.

నియమం తప్పి అతను వంగి గుసగుసగా అడిగాడు, ఎందుకు రాయలేదని.

“అది నేను నీకు చెప్పిందే గదా నాయనా,” అంది. “నా నోట్లో మాట మళ్ళీ నాకే పెట్టి పాసంటే ఎట్టా? మిగతా వాళ్ళను రాసుకోనీ.”

అతనికి ఆ సంగతి తోచనే లేదు. ఎంతో గొప్పగా రాశాననుకున్న ఆ ఒక్క ఆధారమే ఆమెకు అక్కరకు రాకుండా పోయింది. బతిమాలడానికి వీల్లేదు. అవతల బిళ్ళల వరస అతనికోసం ఎదురుచూస్తోంది.

బిళ్ళ ఉన్నవాళ్ళు కూడా హాజరు కావాలి. వాళ్ళ జవాబులు బిళ్ళలే చెబుతాయి, పుస్తకంలో రాసుకోవడం మాల్యాద్రి పని. చివరి కుర్చీలో ఆదెమ్మ ఉంది. చేతులు మోకాళ్ళ మీద, చూపు నేల మీద. అతను నంబర్లు చదువుతుంటే బిళ్ళ జవాబులు చెప్పుకుపోయింది. గొంతు ఆదెమ్మదే, కాకపోతే అందులో దగ్గు లేదు.

“నిలువు పదిహేడు,” అన్నాడు. నంబరు చెబితే చాలు. కానీ ఎందుకో ఆధారం మొత్తం పైకి చదివాడు.

“ఈ ఆధారం నియమానికి లోబడి లేదు,” అంది బిళ్ళ. “సమాధానం లేదు.”

ఆదెమ్మ తల ఎత్తింది. ఏడాదిగా వాడని గొంతు బొంగురుగా గీరుకుంటూ బయటికొచ్చింది.

“తెట్టు.”

“క్షమించాలి. సమాధానం లేదు,” అంది బిళ్ళ, అదే గొంతుతో.

ఆదెమ్మ దగ్గింది. బిళ్ళను గుప్పిట్లో మూసి, గట్టు మీద కదలకుండా కూర్చోని పిల్లను కసురుకున్నట్టు మెల్లగా అంది.

“మాట్లాడబాక. చెదిరిపోద్ది.”

హాల్లో పెన్సిళ్ళు ఆగాయి. అయిదు వరసల అవతల పెంచలమ్మ లేచి నిలబడింది. మాల్యాద్రి చేతిలో కలం ఉంది. బిళ్ళ చెప్పిందే రాయాలని నియమం, పదకొండేళ్ళుగా అతను రాసిందీ అదే. ‘తెట్టు’ అని రాశాడు. పక్కన, చెప్పినవారు అన్న చోట, ఎప్పుడూ ‘వకాల్తా’ అని రాసేచోట, ‘ఆదెమ్మ’ అని రాశాడు. గంట కొట్టగానే ఆ పుట చించి తన చేత్తోనే తూనిక పళ్ళెంలో పెట్టాడు.

అది ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చాక హైమవతి తీసుకుని చదివింది. ఎర్రా పచ్చా కాని నల్లటి అచ్చు, ఎవరూ ఎన్నడూ చూడనిది: ‘ఈ పేరుకు ఒక గొంతు ఇప్పటికే ఉంది. ఏది ఆమెది? జవాబు వచ్చేవరకు కొత్త బిళ్ళలు కట్టబడవు.’

నాలుగు వందల మందిలో మూడు వందల పన్నెండు మంది తెట్టు అని రాశారు. మిగతా పద్నాలుగూ సగంమందికి పైగా విప్పారు, మాల్యాద్రి పూచీ నిలబడింది. పెంచలమ్మ గళ్ళు పందొమ్మిది దగ్గరే ఆగాయి. ఆమె పేరు మీద సిద్ధం చేసిన బిళ్ళ పెట్టెలోనే ఉండిపోయింది. హైమవతి నల్ల అచ్చు కాగితాన్ని మడిచి తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేసుకుంది. పైనుంచి రెండుసార్లు అడిగారట, జవాబు ఎప్పుడిస్తారని. మనిషిని అడిగి చెప్పాలి, సమయం పడుతుందని రాసిందట. అడగడానికి తొమ్మిదో వాడకు తనే వెళ్ళింది. బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, ఆదెమ్మ ఎదురుగా కూర్చుని, ఎక్కడ ఉంటావమ్మా అని అడిగింది.

ఇది రాసినది పెంచలమ్మ. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉండేది మిట్ట మీద ఆరో వాడ, మూడో అంతస్తు. పక్క గది ఆదెమ్మది.