ఐదో ఫోను

ఉదయం ఏడున్నర దాటితే ఆ ఇంట్లో ఎవరి ధోరణి వాళ్ళది. కింద కళ్ళద్దాల దుకాణంలో తండ్రి తుడిచిన గాజు బల్లనే మళ్ళీ తుడుస్తుంటాడు. మేడ మీద తల్లి ఆరిన బట్టలు మడతపెడుతూ, ఎవరూ చూడకుండా ఫోను తీసి ఏదో చూసుకుంటుంది. ఇంటినుంచే ఆఫీసు పని చేసుకునే కొడుకు "మళ్ళీ నెట్ పోయింది" అని ఒక్కసారైనా అరుస్తాడు. ఆ రోజు మాత్రం అరవలేదు. కొత్త రౌటర్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఇంత మీసం వచ్చినవాడు, బొమ్మ దొరికిన పిల్లాడిలా మురిసిపోతున్నాడు.

"అమ్మా, ఇవాళ్టితో మన పీడ విరగడైపోతుంది" అంటూ కిటికీ దగ్గరున్న పాత రౌటర్ వైరు లాగేశాడు.

తల్లి చేతిలోని దిండు గలేబు జారి కింద పడింది. గబుక్కున గడియారం చూసింది. ఎనిమిదికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి.

"ఇప్పుడేనా? తొమ్మిది దాటాక చేసుకోకూడదట్రా?"

"తొమ్మిదింటికి నాకు మీటింగుందమ్మా. పది నిమిషాల పని, ఊరికే కంగారుపడకు."

ఆవిడ కంగారు ఎందుకో వాడికి తెలియదు. అది వాడి తప్పు కాదు. ఆ సంగతి ఆవిడ ఎనిమిది నెలలుగా కడుపులోనే దాచుకుంది.

ఒకసారి నెట్ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్, ఇంటి వైఫైకి ఏ ఏ ఫోన్లు కలిసి ఉన్నాయో చూసుకునే పద్ధతి ఆవిడకి నేర్పాడు. తనదొకటి, భర్తదొకటి, కొడుకువి రెండు. ఐదోది కూతురిది; ఫోను పేర్లేవో అంకెల్లా ఉన్నా, ఆ వరస ఆవిడకి కంఠతా. కూతురు సంచి సర్దుకుని వెళ్ళిపోయిన రోజున ఆ ఐదో వరస కూడా పోయింది. ఆ జాబితా చూస్తే ఆవిడకి అన్నం సయించేది కాదు. మూడు వారాల తర్వాత ఒక ఉదయం, ఎనిమిదింపావుకి, ఐదో ఫోను మళ్ళీ కనిపించింది. పావుగంట ఉండి మాయమైంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఎదురుగా బస్టాపు ఉంది. కూతురు అద్దెకున్న గది ఊరికి ఒక మూల, ఉద్యోగం ఇంకో మూల. ఈ వీధిలో దిగాల్సిన పనే లేదు ఆ పిల్లకి. అయినా దిగుతోంది. వెళ్ళి కళ్ళారా చూద్దామని తల్లి మనసు లాగేది, కానీ చూశానని తెలిస్తే అసలు రావడమే మానేస్తుందేమోనని భయం. వరండాలోంచి తొంగి చూద్దామంటే దుకాణం బోర్డు అడ్డం. అందుకని రోజూ ఆ పావుగంటా ఫోను అరచేతిలో పెట్టుకుని, ఆ ఒక్క వరస వంకే చూస్తూ కూర్చునేది. బిడ్డ పక్కన కూర్చున్నట్టే ఉండేది.

గొడవ చిన్నదే, మనుషులే మొండివాళ్ళు. 'గువ్వా' అని ముద్దుగా పిలుచుకుంటూ, పదిహేనో ఏటి నుంచి కూతురికి అద్దాలు అరగదీయడం నేర్పింది తండ్రే. ఒక రోజు ఒక టీచరమ్మ కొత్త అద్దాలు పెట్టుకుంటే తలనొప్పి వస్తోందని వచ్చింది. డాక్టరు చీటీలో అద్దం తిప్పి బిగించాల్సిన కోణం ముప్ఫై అని ఉంటే ఆయన ఎనభైగా చదివి అద్దం కోశాడు. కూతురు అది పట్టుకుని, టీచరమ్మ ముందే, "నాన్న తప్పు చదివారండీ. మీ కళ్ళు చూపించుకోండి నాన్నా, ఎన్నాళ్ళుగా చెప్తున్నాను" అంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. "ముప్ఫై ఏళ్ళుగా అందరి చూపూ సరిచేస్తున్నవాణ్ణి. నాకే వంక పెడతావా? గుమ్మం దిగు!" అన్నాడు. దిగిపోయింది. ఇప్పుడు తల్లి ఫోను చేస్తే "నాన్న పిలిస్తే వస్తాను" అంటుంది. ఆయనేమో "దానంతట అది రానీ" అంటాడు. మధ్యలో ఈ తల్లి నలిగిపోతోంది.

"కొత్త పేరు చెప్పమ్మా" అన్నాడు కొడుకు, రౌటర్ అడుగున అంటించిన కాగితం మీది చిన్న అక్షరాలు చదువుకుంటూ. "కొత్త పాస్‌వర్డ్ కూడా."

"పాతవే పెట్టు."

"పాతవి వద్దు. దుకాణానికొచ్చిన ప్రతివాడికీ అక్క ఆ పాస్‌వర్డ్ ఇచ్చేసింది. ఎవడో రోజూ ఎనిమిదింపావుకి ఠంచనుగా వచ్చి మన నెట్ వాడుకుని పోతున్నాడు. నేను చూశాలే."

తల్లి అడ్డొచ్చింది. "వాడుకోనీరా. మన సొమ్మేం పోయింది?"

"బాగుందమ్మా నీ ధర్మగుణం!"

ఇంతలో తండ్రి మెట్లెక్కి వచ్చాడు. "కింద నెట్ పోయిందేమిట్రా?"

"కొత్తది పెడుతున్నా నాన్నా. పాస్‌వర్డ్ మారుద్దామంటే అమ్మ ససేమిరా అంటోంది."

"మార్చెయ్. పేరు కూడా మార్చెయ్. పాతవన్నీ పట్టుకుని వేలాడ్డం దేనికి?" అన్నాడాయన.

"మార్చడానికి వీల్లేదు" అంది ఆవిడ. ఆ ఇంట్లో ఆవిడ గొంతు అంత గట్టిగా ఎప్పుడు లేచిందో ఎవరికీ గుర్తులేదు.

కొడుకు రాజీకొచ్చాడు. "సరే, ఇలా చేద్దాం. మనకి కొత్త పాస్‌వర్డ్. ఆ బస్టాపు మనిషిలాంటి వాళ్ళ కోసం గెస్ట్ నెట్‌వర్క్ అని విడిగా ఒకటి పెడతా. సరేనా?"

"గెస్టు ఏమిట్రా! ఈ ఇంట్లో పుట్టిన పిల్లరా అది!"

మాట నోరు జారిపోయింది. వెనక్కి తీసుకునే ఓపిక కూడా ఆవిడకి లేదు. చీర చెంగుతో ముఖం కప్పుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. తండ్రి మంచం అంచున కూలబడ్డాడు.

"గువ్వా? రోజూ వస్తోందా?"

"ఎండా లేదు, వానా లేదు. పావుగంట నిలబడి పోతోంది. ఈ పేరు మారిస్తే, ఆ పాస్‌వర్డ్ మారిస్తే దాని ఫోను ఇంక మనింటికి కలవదు. నాకు మిగిలింది ఆ పావుగంటే. అది కూడా తీసేస్తారా?"

కొడుకు కొత్త రౌటర్ దగ్గరికి లాక్కున్నాడు. "పేరూ, పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా పాతవే పెడితే చాలమ్మా. పెట్టె మారిందని ఫోన్లకి తెలియను కూడా తెలియదు. కానీ ఆ పాస్‌వర్డ్ నాకు గుర్తులేదే. పెట్టింది అక్క."

"నాకు గుర్తుంది. ఇంగ్లీషులో నాన్న అని, అన్నీ చిన్నక్షరాలు. తర్వాత రెండు, ఏడు, ఐదు, తొమ్మిది, సున్నా."

తండ్రి ఉలిక్కిపడ్డాడు. "అది నా కళ్ళ నంబరు. రెండు పాయింటు డెబ్భై ఐదు, తొంభై కోణం."

"అవును. మూడేళ్ళ కింద అదే మీ కళ్ళు పరీక్షించి, ఆ అద్దాలు చేసింది. నాన్న అన్నీ మర్చిపోయినా తన నంబరు మర్చిపోరు అని దాన్నే పాస్‌వర్డుగా పెట్టింది. మీరెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఈ నంబరు ఇప్పుడు నాది కాదే" అన్నాడు. "ఏడాది నుంచీ ఈ అద్దాలు చాలడం లేదు. చీటీ చేతికొస్తే మూడో ఎనిమిదో ఆనదు. ఆ మాట బయటికొస్తే దుకాణానికెవరొస్తారని భయపడ్డాను. అది ఉన్నమాటే అంది. ఉన్నమాట అన్నందుకు కన్నకూతుర్ని వెళ్ళగొట్టాను." కొడుకు వైపు తిరిగి, "చూస్తావేం? మీ అమ్మ చెప్పింది కొట్టు" అన్నాడు.

కొడుకు ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాడు. రౌటర్ ఒకసారి ఆరి మళ్ళీ ఎర్రగా వెలిగింది. ఎనిమిదింపావు ఎప్పుడో దాటింది. ఎర్ర లైటు అలాగే ఉంది. ఎనిమిదీ ఇరవై. మీటింగున్న మనిషి కూడా ఆ లైటు వంకే గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఎనిమిదీ ఇరవై మూడుకి ఎరుపు పోయి పచ్చగా వెలిగింది. తల్లి జాబితా తెరిచింది. ఒకటి. రెండు. మూడు, నాలుగు. అంతే.

"వెళ్ళిపోయిందండీ" అంది, ఏడవడానికి కూడా సత్తువ లేనట్టు.

"ఉండమ్మా, ఫోన్లు వెతుక్కోవద్దూ!"

అప్పుడు ఐదో వరస పడింది. ఈ కొత్త పెట్టెలో ప్రతి పేరు పక్కనా సిగ్నల్ గీతలు కూడా కనిపిస్తాయట. దాని పక్కన ఒక్కటే గీత, అదీ ఉందా లేదా అన్నట్టుంది.

"వచ్చిందా? నాకు కనబడ్డం లేదు" అన్నాడు తండ్రి.

"వచ్చింది."

ఆయన లేచాడు. చెప్పులైనా వేసుకోకుండా దడదడా మెట్లు దిగిపోయాడు. తల్లి వెంట వెళ్ళబోయి ఆగింది. పిలవాల్సినవాడు వెళ్ళాడు. ఇక తను చెయ్యగలిగింది చూడడమే.

ఎనిమిదిన్నరకి బస్సు వచ్చిన చప్పుడైంది. రోజూ ఆ చప్పుడుతోనే ఐదో వరస మాయమయ్యేది. బస్సు కదిలి వెళ్ళిపోయింది. వరస అలాగే ఉంది. ఎనిమిదీ ముప్ఫై ఐదు. ఒక్క గీత రెండయింది. రెండు మూడయ్యాయి. దుకాణం తలుపు కిర్రుమంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. నాలుగు గీతలూ నిండిపోయాయి.

గుమ్మంలో కూతురు నిలబడింది. చిక్కిపోయింది. వెనకాల తండ్రి, పారిపోతుందేమోనన్నట్టు దాని సంచి గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"ఇవాళ చాలాసేపు కలవలేదమ్మా" అంది కూతురు, వెక్కిళ్ళ మధ్య. "రోజూ అక్కడ నిలబడగానే ఫోను దానంతటదే మనింటికి కలిసేది. కలిస్తే చాలు, ఇంకా నన్ను తీసెయ్యలేదులే అనుకుని పనికి పోయేదాన్ని. ఇవాళ కలవకపోయేసరికి పాస్‌వర్డ్ మార్చేశారనుకున్నాను. ఇక పనికి పోబుద్ధి కాలేదు."

తల్లి ఫోను పక్కన పడేసి రెండు చేతులూ చాచింది.

"నువ్వొచ్చి నిలబడ్డ ప్రతిరోజూ నేనిక్కడే కూర్చున్నానే, పిచ్చితల్లీ" అంది. "ఒక్క రోజు కూడా లేవలేదు."