కుర్చీలు జరిపేది ఎవరు?

ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్‌షైర్‌లో నవంబరు వచ్చిందంటే మధ్యాహ్నం మూడింటికే వెలుతురు నీరసపడిపోతుంది. ఆ వేళకి టామ్సిన్, డన్‌స్టన్ ఇద్దరూ ఊరి పాస్టరు గారి పాత బంగళాలోకి వంటింటి కిటికీలోంచి దూరారు. మిగతా తలుపులకీ కిటికీలకీ చెక్కలు కొట్టేసి ఉన్నాయి. ఈ కిటికీ అద్దం ఎవరో ఎప్పుడో పగలగొట్టారు. వీళ్లు మాత్రం పగలగొట్టరు. పాడుబడ్డ ఇళ్లలో తిరిగి ఫొటోలు తీసేవాళ్లకి పట్టింపులు మా గొప్పగా ఉంటాయి. తాళం విరగ్గొట్టకూడదు, లోపల పుల్ల కూడా కదపకూడదు. కుర్చీలూ బొమ్మలూ ముచ్చటగా సర్ది ఫొటో తీసేవాణ్ణయితే దొంగ కంటే హీనంగా చూస్తారు.

టామ్సిన్ మనసులో ముల్లు అదే. కిందటి మూడు ఇళ్లలోనూ, తను తీసిన ఫొటోల్లో గోడవార ఉన్న కుర్చీలు గంట తర్వాత డన్‌స్టన్ తీసినవాటిలో బల్ల చుట్టూ చేరాయి. అడిగితే "నేను ముట్టుకోలేదు" అంటాడు. తొమ్మిదేళ్ల స్నేహం. ఓసారి కుళ్లిన నేల కూలితే ఆమెని పైకి లాగి, భుజం విరగ్గొట్టుకున్న మనిషి. అలాంటివాడు తనతో అబద్ధమాడుతున్నాడా? నమ్మబుద్ధి కాదు, అలాగని అనుమానం చావదు. రాత్రిళ్లు నిద్ర కూడా పట్టడం లేదు. ఇవాళ ఏదో ఒకటి తేల్చుకోవాలనే వచ్చింది.

లోపల తడిసిన సున్నం వాసన, పావురాల రెట్టల కంపు. భోజనాలగదిలో ఆరు కుర్చీలు గోడకి ఆనించి ఉన్నాయి. ఆమె వాటిని ఫొటో తీసుకుని డన్‌స్టన్ ఉన్న వంటింట్లోకి వచ్చింది.

"నువ్విక్కడే కూర్చో. మేడ మీద నేనొక్కదాన్నే చూసొస్తా."

"ఒక్కదానివా? ఏం తల్లీ, కొత్తగా ధైర్యం పుట్టుకొచ్చింది?"

"నీ సణుగుడు లేకుండా నాలుగు ఫొటోలు తీసుకుందామని."

"పో పో. నీ శాండ్‌విచ్ కూడా నేనే లాగించేస్తా."

అతను అటు తిరగ్గానే, సంచిలోంచి మైదా పొట్లం తీసి వంటింటి గుమ్మం బయట నడవాకి అడ్డంగా బారెడు మేర చల్లింది. ఎంత కాళ్లు చాచినా దాటలేనంత వెడల్పు. చల్లుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

మేడ మీద ఫొటోలేం తియ్యలేదు. మెట్ల చివర ఊపిరి బిగబట్టి నిలబడింది.

గరగర...

రాతినేల మీద కర్ర ఈడ్చిన చప్పుడు. కాసేపాగి మళ్లీ. ఆరుసార్లు. దొరికావురా నాయనా, అనుకుంది. కోపం కంటే ముందు కన్నీళ్లొచ్చాయి.

దిగి చూస్తే కుర్చీలు ఆరూ బల్ల చుట్టూ ఉన్నాయి. వంటింటి వైపు పరిగెత్తింది. గుమ్మం ముందు పిండి... చల్లింది చల్లినట్టే ఉంది. లోపల డన్‌స్టన్ అటు తిరిగి కూర్చున్నాడు.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అతను కాదు. మరి ఎవరు అన్న భయం కూడా ఆ క్షణాన తట్టలేదు.

"డన్‌స్టన్... కుర్చీలు జరిగాయి," అంది గుసగుసగా.

"విన్నాను."

"నిన్నే అనుమానించాను. ఇదిగో, పిండి కూడా చల్లాను. నన్ను క్షమించు."

అతను లేచి గుమ్మం దాకా వచ్చాడు. పిండి వైపు చూసి నవ్వాడు. "ఎలకని పట్టినట్టు పట్టేద్దామనుకున్నావా నన్ను? సర్లే. పద, ఆ కుర్చీలేవో చూద్దాం."

ఆమెని రాసుకుంటూ నడవాలోకి నడిచి, భోజనాలగదిలోకి వెళ్లాడు. సిగ్గుతో ఆమె తల దించుకుంది.

పిండి తెల్లగా, నున్నగా ఉంది.

ఆ పిండి నడిమధ్య నుంచే వచ్చాడు. ఆమె చూస్తుండగానే వచ్చాడు. బూట్లతో... ఒక్క అడుగు గుర్తు కూడా పడలేదు.

గదిలో ఒక కుర్చీ కిర్రుమంది. తర్వాత ఇంకోటి. ఇంకోటి. అతను వట్టి అబద్ధాలకోరే అయ్యుంటే ఎంత బావుండేది, అనుకుంది.

"రా టామ్సిన్," అన్నాడు డన్‌స్టన్ లోపల్నుంచి, ఎప్పటిలాగే ఆప్యాయంగా. "అందరం వచ్చేశాం."