పదో రోజు

సైకిల్ రేసుల టీమ్‌లో మెకానిక్‌గా చేరిన మూడో రోజునే ఆమె చేత తిట్లు తిన్నాను.

సెమీఫైనల్లో ఓడిపోయి, సైకిల్ భుజాన వేసుకుని, హెల్మెట్ కూడా తీయకుండా షెడ్‌లోకి వచ్చింది. "ఈ చైన్ బిగించిన మహానుభావుడు ఎవరు?" అని అడిగింది. నేనే అన్నాను. ఇంత బిగువుగా ఉంటే పెడల్ తిరుగుతుందా, మా నాన్న కుట్టు మిషన్ ఇంతకన్నా తేలిగ్గా తిరుగుతుంది కదా అని అందరి ముందూ కడిగేసింది.

బీఎంఎక్స్ రేసంటే మొత్తం నలభై సెకన్లు. ఎత్తైన ర్యాంపు మీద ఎనిమిది మంది ఒకే గేటుకు ముందు చక్రాలు ఆనించి నిలబడతారు. గేటు పడగానే కిందికి దూసుకొచ్చి, మట్టి దిబ్బల మీద ఎగురుతూ, మూడు మలుపులు తిరిగి గీత దాటాలి. మొదట్లో పోగొట్టుకున్న క్షణం తర్వాత దొరకదు.

"చైన్ బాగానే ఉంది," అన్నాను. "గేటు పడ్డాక నువ్వే ఆలస్యంగా కదిలావు."

కోచ్ తన టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. అందరూ పిడుగు అని పిలిచే మనిషితో అలాంటి మాట ఎవరూ అనరని నాకప్పటికి తెలియదు.

మర్నాడు ఫోన్ పట్టుకుని వచ్చింది. వీడియో ఇరవైసార్లు చూసిందట. "ఆలస్యం నిజమే. చైన్ బిగువూ నిజమే. తప్పు చెరిసగం పంచుకుందాం," అంది. అది ఆమె క్షమాపణ. అంతకంటే పెద్దది నేనెప్పుడూ వినలేదు.

వాన పడితే ట్రాక్ మూసేస్తారు. తడి మట్టి మీద చక్రం ఆనితే దిబ్బల ఆకారం చెడిపోతుంది. మిగతా రైడర్లు వానను తిట్టుకునేవాళ్ళు. నేను మాత్రం పొద్దున లేవగానే ఫోన్‌లో మబ్బుల బొమ్మ కోసం వెతికేవాణ్ణి. వాన రోజుల్లో ఆమె షెడ్‌కి వచ్చి, బోర్లించిన పెట్టె మీద కూర్చుని, వెనక చక్రంలో ఏదో పుల్ల వదులైందనేది. చక్రం తిప్పి చూస్తే అన్నీ గట్టిగానే ఉండేవి. మళ్ళీ చూడమనేది. మూడోసారి తిప్పాక అడిగాను.

"వదులైంది చక్రమేనా?"

"అదీ మెకానికే కనిపెట్టాలి," అంది, వాన వైపు చూస్తూ.

కనిపెట్టడానికి నాకు మరో రెండు వానలు పట్టింది. ర్యాంపు కింద, ఇనుప కమ్మీల మధ్య, నీళ్ళు కారని చోటు వెతుక్కుని నిలబడి నా మనసులో మాట చెప్పాను. ఆమె నవ్వలేదు, ఆటపట్టించలేదు. ఈ సీజన్ అయిపోనీ, నాన్నతో మాట్లాడదాం అంది.

వాళ్ళ నాన్న దర్జీ. ఆమె రేసు జెర్సీలన్నీ ఆయనే కుట్టేవాడు. మోచేతుల దగ్గర రెండు పొరలు వేసేవాడు. ఒక్క రేసుకీ వచ్చి ఎరగడు. కానీ చిరిగిన జెర్సీ బల్ల మీద పరిచి, ఎక్కడ పడింది, ఏ పక్కకి దొర్లింది చూసినట్టు చెప్పేవాడు. తల్లి లేని పిల్ల కదా అని ఎవరైనా అంటే, తల్లి ఉంటే ఈ ఆట ఆడనిచ్చేదా అనేవాడు.

ఆ సీజన్ అయిపోయింది. ఇంకొక్కటి అంది. ఆ తర్వాత ఇంకొక్కటి. రెండుసార్లు జాతీయ ఛాంపియన్ అయింది. ఒకసారి ప్రపంచ పోటీల ఫైనల్ దాకా వెళ్ళి ఏడో స్థానంలో వచ్చింది. ఆ ఏడో స్థానం ఆమెను వదల్లేదు. భుజం ఎముక విరిగింది, మణికట్టులో మేకులు పడ్డాయి, ముప్పై ఒకటో ఏడు వచ్చింది. మా పెళ్ళి మాట క్యాలెండర్‌లా ఏటా మారుతూ గోడకే ఉండిపోయింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ గేటు దగ్గర పెదవి కొరుక్కుంటూ నిలబడ్డ ఆమెను చూస్తే, ఇంకో ఏడు ఆగితే ఏం పోయిందిలే అనిపించేది. అలా ఏడేళ్ళు.

ఆ ఏడాది ప్రపంచ పోటీలకు నెల ముందు, మూడో మలుపులో వేరే అమ్మాయి చక్రం తగిలి, ఆమె తల నేలకు కొట్టుకునేలా పడింది. అర నిమిషంలో లేచి నడిచింది. డాక్టరు వచ్చి ఏ నెల, ఎన్నో రేసు, పక్క గేటులో ఎవరు అని అడిగింది. అన్నింటికీ టకటకా జవాబు చెప్పింది. ఆ ప్రశ్నలు ఏటా అవే. అందరికీ కంఠతా వచ్చు.

రెండు రోజుల తర్వాత షెడ్‌కి వచ్చి, హ్యాండిల్‌కి ఈ ఎర్ర గ్రిప్పులు ఎవరు వేశారని అడిగింది. ఆ ఉదయమే ఆమె ఏరి ఇచ్చినవి. నువ్వే కదా అంటే అవునవును అని నవ్వేసింది. సాయంత్రం ఏడేళ్ళుగా బస్సెక్కే స్టాప్‌కి దారి అడిగింది. ఈసారి నవ్వలేదు. నా చేయి పట్టుకుంది.

"ఎవరికీ చెప్పకు. ఈ ఒక్క పోటీ అవనీ. తర్వాత డాక్టరుకు నేనే చెప్తాను, సైకిల్ వదిలేస్తాను, పెళ్ళి చేసుకుందాం. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. పెళ్ళి అన్న మాట నా నోటికి ఎంత పని చేసిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె రోజూ ప్రాక్టీస్ చేసింది. నేను రోజూ సైకిల్ సిద్ధం చేసి ఇచ్చాను.

పదో రోజు ఉదయం గేటు దగ్గర నిలబడ్డ ఆమె హెల్మెట్ పట్టీ కిందికి వేలాడుతోంది. పెట్టుకోవడం మరిచిపోయింది. నేను గేటు ఆపమని సైగ చేసి, అటునుంచి అటే డాక్టరు గదిలోకి వెళ్ళాను.

డాక్టరు అంతా విని కళ్ళజోడు తీసింది. ఎప్పటి నుంచి అని అడిగింది. చెప్పాను.

"తెలిసి కూడా తొమ్మిది రోజులు ఆమెను ఆ దిబ్బల మీద ఎగరనిచ్చావా?"

 

ఆ మధ్యాహ్నమే స్కాన్ తీశారు. మూడో రోజుకు రేసు లైసెన్స్ ఆపేశారు. తలకు ఇంకో దెబ్బ తగిలితే మాటా నడకా పోవచ్చని రాసిచ్చారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆమె షెడ్‌కి వచ్చింది. ఎప్పుడూ కూర్చునే పెట్టె పక్కనే ఉన్నా కూర్చోలేదు.

"నాకు చెప్పి వెళ్ళి ఉండాల్సింది," అంది.

"చెప్తే విని ఉండేదానివా?"

"వినకపోయేదాన్నేమో. నా ఆట అది. ఆపేస్తే నేను ఆపేయాలి. నువ్వు నా వెనకాల వెళ్ళి ఆపించావు."

పట్టీ సంగతి చెప్పాను. అది నాతో అంటే పెట్టుకునేదాన్ని కదా అంది, చిన్నపిల్లకు చెప్పినంత నెమ్మదిగా. ఆ నెమ్మది కన్నా మొదటి రోజు తిట్లే నయం.

వీడ్కోలు సభ పెట్టారు. బ్యానర్ మీద పదేళ్ళ కిందటి ఫోటో వేశారు. ఆమె కాగితం చూసి చదువుతూ రెండుచోట్ల వరస తప్పి, చదివిందే మళ్ళీ చదివింది. దుఃఖం ఆపుకోలేకపోతోందని జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను.

వారం తర్వాత వాళ్ళ నాన్న షెడ్‌కి వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది. ఏడేళ్ళుగా నేను ఎదురుచూసిన మాటలు నిలబడే చెప్పేశాడు.

"నా బిడ్డ ఇవాళ తన కాళ్ళ మీద తిరుగుతోందంటే నీ పుణ్యమే బాబూ. నిన్ను అల్లుడని కాదు, కొడుకనే అనుకుంటాను. ఇలా నిలబడు, సూటుకి కొలతలు తీసుకుంటాను."

భుజాలు కొలిచాడు, ఛాతీ కొలిచాడు. ఆమె ఏమందని అడిగాను. టేపు నా మణికట్టు దగ్గర ఆగింది. అది నువ్వే అడుగు నాయనా అన్నాడు.

వెళ్ళాను. వెలుతురు పడితే తలనొప్పి వస్తుందని కిటికీకి దుప్పటి కట్టుకుంది. ఆ చీకట్లో ఎదురెదురుగా కూర్చున్నాం.

"అందరూ నువ్వు నా ప్రాణం కాపాడావంటున్నారు. నిజమే. నాకూ తెలుసు," అంది. "కానీ రోజూ పొద్దున లేచి నిన్ను చూసి థాంక్స్ చెప్పుకుంటూ బతకలేను. అలాగని నిన్ను తిట్టుకుంటూ కూడా బతకలేను. వెళ్ళిపో."

ఒక్క ఏడు ఆగుతానన్నాను. ఆగడం నాకు అలవాటేనని నవ్వబోయాను. వద్దంది.

వేరే టీమ్‌లో చేరాను. నాలుగేళ్ళ తర్వాత ఒక కొత్త ట్రాక్ ప్రారంభ పోటీలకు వెళ్తే, పార పట్టుకుని మట్టి దిబ్బ అంచు సరిచేస్తూ కనిపించింది. ఆ ట్రాక్ గీసింది, కట్టించింది ఆమేనట. జుట్టు కత్తిరించుకుంది. మెడలో ఒక చిన్న నోట్‌బుక్ వేలాడుతోంది. మరిచిపోకుండా అన్నీ అందులో రాసుకుంటుందని తర్వాత ఎవరో చెప్పారు. నన్ను చూసి పార నేలకు గుచ్చింది.

"బాగున్నారా?" అంది.

నన్ను ఎన్నడూ మీరు అని పిలవలేదు. ఒక్క క్షణం, నన్ను కూడా మరిచిపోయిందేమో అనుకున్నాను. అలా అయినా బాగుండుననిపించింది. కానీ ఆ కళ్ళు నన్ను గుర్తుపట్టిన కళ్ళే.

బాగున్నానన్నాను. ట్రాక్ బాగా వచ్చిందన్నాను. రెండో మలుపు ఇంకా కుదరలేదంది.

"నాన్న మీ గురించి అడుగుతుంటారు," అంది, పార మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "చూపు తగ్గింది. ఓసారి వెళ్ళి కనిపించండి. ఆదివారాలైతే నేను ఇంట్లో ఉండను."

ఆదివారమే వెళ్తానన్నాను.