కనక జ్వరానికి కాగితం

హాజరు పిలుపులో తన పేరు రాకపోయేసరికి కనక వరసలోంచి బయటికొచ్చి, రైటరు మల్లేశు ఎదురుగా నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. జ్వరానికి మనిషి సగమైంది గాని చూపులో పదును తగ్గలేదు.

"ఏటి రైటరూ, నా పేరు మింగేసినావా?"

డుంబ్రిగుడ పక్కనున్న ఆ కాఫీ తోటలో మల్లేశుది హాజరు వేసే పని. అతనూ కొండ మనిషే. ఆశ్రమ పాఠశాలలో పదో క్లాసు చదివి ప్యాంటు తొడుక్కున్నాడు. నారుమడిలో కనక వంగి మొక్కలకి నీళ్లు చిలకరిస్తుంటే అతని నోట పేర్లు తడబడతాయని తోటంతటికీ తెలుసు. తెలియనట్టుండేది ఆమె ఒక్కతే.

మేనేజరుగారి ఆర్డరని మల్లేశు నసిగాడు. జ్వరమని మానేసినవాళ్లు డాక్టరు రాసిచ్చిన కాగితం తేవాలి. లేకపోతే పేరు కొట్టేయడమే.

"జొరమొచ్చినాదని నా ఒళ్లు సెప్తే సాలదా? వానల్లో నువ్వు మంచమెక్కితే ఏ డాకటేరు రాసిచ్చినాడు?"

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. మల్లేశు మంచం పట్టినప్పుడు మేనేజరు జగన్నాథరావు ఇంటినుంచి బార్లీ నీళ్లు వచ్చాయి గాని, కాగితం మాట ఎవరూ ఎత్తలేదు.

కనక వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఇక్కడ పని పోతే ఆ పిల్ల చింతపల్లిలో మేనత్త దగ్గరికి మిరియాల తోట పనికి పోతుందని, రేపో మాపో జీపెక్కించేస్తారని పక్కనున్న రాజులమ్మ చల్లగా చెప్పింది. మల్లేశుకి ఆ పూట అన్నం సయించలేదు.

సాయంత్రం ఆఫీసు గదికి వెళ్లాడు. జగన్నాథరావు చెడ్డవాడేం కాదు. కాగితం అడక్కపోతే సంత రోజున తోటంతా జ్వరపడుతుందని ఆయన భయం.

"అయితే నా పేరూ కొట్టెయ్యండి బాబూ. నేనూ కాగితం తేలేదు," అన్నాడు మల్లేశు.

"నువ్వు స్టాఫువి కదయ్యా."

"జొరానికి ఆ సంగతి తెలీదు బాబూ. తోటకి డాకటేర్ని పెట్టాల్సింది మనమేనంట, సట్టంలో ఉందంట. మనం పెట్టకుండా కాగితం తెమ్మంటే ఆళ్లెక్కడికెల్తారు?"

జగన్నాథరావు కొండ మీంచి దిగుతున్న మబ్బుని చూశాడు. నారు తీసి సంచుల్లోకి మార్చే అదను. కనక చెయ్యి పడ్డ మొక్క ఎండదని ఆయనకీ తెలుసు. చివరికి, చిన్న జ్వరాలకి పని చేయించే మేస్త్రీ మాట చాలన్నాడు. ముదిరితే తోట జీపులోనే ఆస్పత్రికి పంపుదామన్నాడు. ఆ పిల్లని పొద్దున్నే రమ్మనమన్నాడు. ఈ లా పాయింట్లు ఊరంతా చాటొద్దని మాత్రం గొణిగాడు.

సన్నటి జల్లులో మల్లేశు కనక ఇంటికి పరుగు తీశాడు. ఆమె పెరట్లో చిక్కుడుకాయలు కోస్తోంది. అంతా విన్నది గాని మొహం విప్పలేదు.

"అదలాగుంచు. నేను జొరంలో ఉంటే ఒక్కపాలైనా సూడ్డానికి రాలేదేటి?"

ఇంట్లో జ్వరమైతే గుమ్మానికి నేరేడు కొమ్మ కడతారు. అది దించేదాకా పైవాళ్లు గడప తొక్కకూడదని ఆ ఊరి కట్టు. రోజూ మలుపు దాకా వచ్చి, కొమ్మ చూసి వెనక్కి పోయానని మల్లేశు చెప్పుకున్నాడు.

"కొమ్మ గుమ్మానికి కట్టినారు గాని పెరటికి కట్టినారేటి? సదువుకున్న గుంటడివి, ఆ మాత్రం తెలీదా?"

జల్లు పెద్దదైంది. ఇద్దరూ చూరు కిందికి చేరారు. ఆమె జుట్టు మీంచి జారిన చుక్క అతని చేతి మీద పడింది. అతను తుడుచుకోలేదు.

"నువ్వు సింతపల్లి ఎలిపోతే నాకీ తోటే ఒద్దు కనకా."

ఆమె ఒళ్లోని కాయలు సర్దుకుంది. తరవాత, మీ అయ్యని కల్లు కుండతో రమ్మంది. అక్కడ సంబంధం అడగడం అలాగే. అబ్బాయి తండ్రి కుండ తెచ్చి గడపలో పెడతాడు. పిల్ల తండ్రి తాగితే ఒప్పుకున్నట్టు.

"మీ అయ్య తాగకపోతే?" అన్నాడు మల్లేశు.

కనక ఇప్పుడు నవ్వింది.

"మా అయ్య కల్లు ఒద్దన్న రోజు నేను పుట్టి ఎరగను. బేగి రమ్మను."