కాడికి రెండో వైపు

పొద్దున్నుంచీ విశాలి ఊఁ కొడుతూనే ఉంది. ఎదుటి పలక మీద ఒక్కో కథలోని ప్రతీక వెలుగుతుంది, దాని కింద నీతి వెలుగుతుంది. గాలిపటం అంటే ఆశ. నీతి: ఆశకు హద్దుండాలి. ఊఁ. పగిలిన అద్దం అంటే అహంకారం. నీతి: వినయమే అందం. ఊఁ. ఆ ఒక్క ఊఁ మాత్రం మనిషి గొంతులోంచే రావాలని, కథల్లోంచి నీతులు పిండే ఈ సారశాల నియమం. అది వినబడగానే నీతి పిల్లల చెవిపోగుల్లోకి వెళ్ళిపోతుంది, కథ కరిగింపుకి పోతుంది. ఇక దాన్ని ఎవరూ చదవలేరు. రసం తీశాక పిప్పి దాచుకుంటామా అని పెద్దలు తేల్చేశారు. పెద్దలు కదా, తేలుస్తారు.

నీతులు ఏరే పని పక్క కుర్చీలోని సోమలింగం గారిది. సారయంత్రం చూపించినవాటిలోంచి ఆయన ఒకటి ఖాయం చేస్తారు.

“తరవాతది చిన్నదేనమ్మా,” అన్నారాయన. “కాడి అంటే పాపభారం. నీతి: మూగజీవాల పట్ల దయ చూపాలి. ఊఁ కొట్టెయ్, టీకి పోదాం.”

విశాలి నోరు తెరిచి ఆగిపోయింది. పలక మీద కథ మొదటి వాక్యం కనబడుతోంది. ఆ కథ తనకి తెలుసు.

విజయనగరంలో ఎనిమిదో తరగతి. అప్పట్లో పిల్లలకి కథలు మొత్తంగా చెప్పేవాళ్ళు. అప్పలస్వామి మాస్టారు దీన్ని చదివి వినిపించారు. ఒక రైతు తన ముసలి ఎద్దుని సంతలో అమ్మేశాడు. తిరుగు ప్రయాణంలో బండికి ఒక్క ఎద్దే మిగిలింది. కాడి రెండో వైపు తన భుజం మీద పెట్టుకుని బండిని ఊరిదాకా లాక్కొచ్చాడు. దారిలో నవ్వినవాళ్ళతో ఒక్క మాటా మాట్లాడలేదు. అంతే కథ.

ఎందుకలా చేశాడని మాస్టారు అడిగారు. చేసిన పాపానికి శిక్ష వేసుకున్నాడంది విశాలి. పక్కనున్న పైడితల్లి లేచి, “బండి ఇంటికి తెచ్చుకోవద్దేటండీ మరి?” అంది. క్లాసంతా ఒకటే నవ్వు. గంట కొట్టినా దెబ్బలాట తెమల్లేదు. మాస్టారేమో ఎవరిది ఒప్పో చెప్పకుండా సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో. ఇంటికెళ్ళేదాకా పైడితల్లితో వాదించింది, ఆ తర్వాత కొన్నాళ్ళు దాంతో మాట్లాడ్డమే మానేసింది. ఎంత బావుండేవి ఆ రోజులు. ఇప్పుడు పైడితల్లి లేదు. దాని గొంతు వినబడే చోటు ఈ కథ ఒక్కటే.

“ఏటమ్మా, నిద్రొస్తందా?”

“ఊహూఁ,” అంది విశాలి.

పలక ఎర్రబడింది. సారశాలలో అంతకుముందు ఆ శబ్దం ఎవరూ విని ఉండరు.

“సరైన నీతి చెప్పండి,” అంది యంత్రం మర్యాదగా.

“నాకు తెలీదు.”

సోమలింగం గారు గబుక్కున ఆమె వైపు తిరిగారు. “నీకేటైనా మతి పోయిందా? కాదంటే కుర్చీ పీకేస్తారు. మళ్ళీ ఏ సారశాలలోనూ గడప తొక్కనివ్వరు.”

“పీకనివ్వండి. నేను ఊఁ అంటే ఈ కథ కరిగిపోతుంది సోమలింగం గారూ. అసలు మీరు దీన్ని చదివారా?”

ఆయన చదవలేదు. అలవాటు తప్పి చాలా కాలమైంది. కళ్ళజోడు సర్దుకుని విసుక్కుంటూ మొదలుపెట్టారు, చివరికొచ్చేసరికి విసుగు మర్చిపోయారు.

“దయ కాదిది,” అన్నారు మెల్లిగా. “సిగ్గు. అమ్ముకున్నందుకు సిగ్గుపడ్డాడు.”

“సిగ్గుపడినవాడు నలుగురూ చూసే దారంట వస్తాడా? చీకటి పడేదాకా ఆగేవాడు.”

“నలుగురూ చూడాలనే వచ్చాడమ్మా. నీకు తెలీదు.”

“ఇద్దరి మాటా కలవడం లేదు. ఏకీభవించండి,” అంది యంత్రం. ఎవరూ పట్టించుకోలేదు. వెనకాల కథల వరస ఆగిపోయింది. పక్క బల్లలవాళ్ళు పని వదిలేసి మెడలు చాచి చూస్తున్నారు. ఊళ్ళో పిల్లల చెవిపోగులు మూగబోయాయి.

పలకలోంచి పై అధికారి తారకేశ్వరి గొంతు వినబడింది. “విశాలీ, ఏం జరుగుతోందక్కడ? సమ్మతి ఇవ్వు, లేదా కుర్చీ దిగు.”

విశాలి కుర్చీ దిగింది. ఇన్నేళ్ళుగా ఈ కుర్చీ తప్ప ఆమెకి ఇంకో పని తెలీదు.

“దిగాను మేడం. ఇక ఊఁ మీరే కొట్టాలి. కొట్టేముందు ఒక్కసారి చదవండి, చిన్న కథే.”

తారకేశ్వరి కథని గొణుక్కుంటూ చదవడం పలకలోంచి వినబడింది. సోమలింగం గారు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

“సిగ్గూ పాపమూ అలా ఉంచండి,” అంది చివరికి తారకేశ్వరి. ఆ గొంతులో అధికారం లేదు. “యజమాని వచ్చి పక్కన కాడి ఎత్తుకుంటే ఆ మిగిలిన ఎద్దు ఏమనుకుని ఉంటుందో మీరిద్దరూ ఆలోచించారా అసలు?”